కాశీ వెళ్ళినాయన తిరుగు ప్రయాణం

బిలాస్‌పూర్

అన్నయ్యకీ వదినకీ వేణి నమస్కారాలు.

అక్కడ అందరూ కులాసాయేనా? వదిన మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను, నిజంగానే బాగున్నాను. రోజూ ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో నువ్వు నన్ను మాట్లాడనిస్తే కదా!

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. బ్యాంకు నుంచి తేలీపారా పేటలో నా గదికి చేరేసరికి వడియంలా అవుతున్నాను. మన చద్దన్నాన్ని ఇక్కడ బాసి అంటారు. పొద్దున్నే అదే, ఉల్లిపాయ నంజుకుని. వచ్చిన కొత్తలో సాయంత్రాలు గోడలతో మాట్లాడేదాన్ని. నువ్వు కంగారుపడి నా బదిలీకి తిరగడం మొదలుపెట్టింది అప్పుడే. ఇప్పుడు ఆదివారాలు రైల్వే క్వార్టర్లలో అప్పలనర్సమ్మగారింటికి వెళ్తున్నాను.

వాళ్ళది తాతల నాడే విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబం. భర్త గూడ్సు గార్డు, ఇప్పుడు లేరు. కొడుకు దగ్గర ఉంటోంది. మాట మన మామ్మదే, చదువు మాత్రం హిందీ బడిలో. తెలుగు చదవడం రాదు. అందుకని నాన్నగారి బీరువాలోంచి తెచ్చుకున్న పాత యాత్రా పుస్తకాలు నేనే చదివి వినిపిస్తున్నాను.

మొదట ఓడెక్కి వచ్చిన దొర రాసింది పట్టుకెళ్ళాను. అన్నీ రాజులూ ఏనుగులూ వజ్రాలూ. కాసేపటికే ఆవిడ చెయ్యి అడ్డుపెట్టింది. "అచ్ఛా, రాజులు సరేనమ్మా. ఈయన ఏటి తిన్నాడు, నీళ్ళెక్కడ తాగినాడు? అది రాయడేటి?"

దొరని మూసేసి, పల్లకీలో కాశీకి బయల్దేరిన మన పాతకాలపు పెద్దాయన్ని తెరిచాను. ఏ ఊళ్ళో బావినీళ్ళు తియ్యన, ఎక్కడ కూరలు దొరకవు, అన్నీ రాస్తాడాయన. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

ఒక ఆదివారం బ్యాంకు నుంచి ఫోనొస్తే, ఆయన నర్మద దాటుతుండగా పుస్తకం మూసి వచ్చేశాను. మరుసటి వారం వెళ్ళడం కుదరలేదు. ఆ తర్వాత వెళ్తే ఆవిడ మొహం ముడుచుకుని కూర్చుంది.

"మనిషిని నది మద్దిన వొగ్గేసి ఎలిపోతారేటమ్మా? డ్యూటీకెల్లినోడు టేసన్ సేరేదాకా మేం వాకిలైనా తుడవం."

"పుస్తకంలో మనిషండీ, ఎప్పుడో పోయారు," అన్నాను.

"నువ్వు సదివినంతసేపూ దార్లోనే ఉన్నాడు కదా!"

నాకు నవ్వాగలేదు. ఆయన్ని ఒడ్డెక్కించి సత్రం చేర్చాకే నాకు టీ ఇచ్చింది. వచ్చేటప్పుడు కొడుకు గుమ్మం దాకా వచ్చి మెల్లిగా చెప్పాడు. "దీదీ, నాన్న డ్యూటీలోనే పోయినాడు. గార్డు పెట్టెలోనే గుండాగిపోనాది. అమ్మ ఆ రోజు వాకిలి తుడవనేలేదు." నవ్వినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. గదికొచ్చి ఏడ్చాను కూడా.

మొన్న ఆదివారం పెద్దాయన కాశీ చేరాడు. గంగలో మునిగాడు. పుస్తకం అయిపోయిందన్నాను.

"కాశీ ఎలితే అయిపోతాదేటి? ఇంటికి రావద్దా?" అంది.

తిరుగు ప్రయాణం రెండో భాగంలో ఉంది. అది అక్కడే, బీరువాలో ఉండిపోయింది.

బదిలీ కాగితం మీద సంతకం పెట్టి పంపమన్నావు. ఇప్పుడు వద్దన్నయ్యా, కోపం తెచ్చుకోకు. ఆయన్ని దారిలో వదిలేసి రాలేను. వదినని కాస్త కందిపొడి పంపమను, పిన్నికీ బాబాయికీ నా నమస్కారాలు చెప్పు.

ఆ రెండో భాగం నువ్వు చదివావు కదా, ఆయన ఇల్లు చేరాడా? చేరితే వెంటనే పంపు. చేరకపోతే పంపకు. ఏదో ఒక పుస్తకం చేతిలో పట్టుకుని, నేనే ఆయన్ని ఇంటికి చేరుస్తాను.

మీ ఇద్దరి దీవెనలు కోరే చెల్లెలు,
వేణి