పసుపు కడాయిలో ఉప్పు వండిన నేరం గురించి

జిల్లా అధికారి గారి సముఖమునకు,
జగిత్యాల.

కోరుట్ల మండలం, ఎర్రగుంటపల్లె గ్రామ నివాసి, లతీఫ్ భార్య హుస్సేన్‌బీ రాసుకున్న అర్జీ.

విషయం: లైసెన్సు లేకుండా ఉప్పు తయారు చేసితినని నాకు అందిన తాఖీదును రద్దు చేయుట గురించి, సదరు ఉప్పు మా బావిలోనికి ఏ విధముగా వచ్చినదో విచారించుట గురించి.

అయ్యా,

వినయంతో మనవి చేసుకొనునది ఏమనగా, నేను ఉప్పు వ్యాపారిని కాను. పసుపు, మక్కలు పండించే రైతును. కోరుట్లలో తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివాను గనుక ఈ అర్జీ నేనే రాస్తున్నాను. ఇంతకుముందు పెట్టిన అర్జీలు టైపు కొట్టేవాళ్లతో రాయించాను. వాళ్లు అన్నిటినీ ఒకే తీరుగా రాశారు. జవాబులు కూడా ఒకే తీరుగా వచ్చాయి.

తాఖీదుకు గడువులోగా సంజాయిషీ ఇవ్వాలని, లేనిచో చట్టప్రకారం చర్య తీసుకోబడునని రాశారు. ఇస్తున్నాను. అయితే మొదటి నుంచి చెప్పకపోతే అది అర్థం కాదు. ఓపిక చేసుకుని చదవగలరు.

1. మా పసుపు చెలకకు ఆనుకుని ఉన్న భూమిలో ఉప్పు శుద్ధి చేసే కార్ఖానా పెట్టారు. ముడి ఉప్పు లారీల్లో వస్తుంది, తెల్లగా తయారై సిరిసిల్లలోని అద్దకం షెడ్లకు పోతుంది. నూలుకు రంగు పట్టాలంటే ఉప్పు కావాలట. పని మొదలైన రోజు ఇన్‌చార్జి శ్రీశైలం గారు ఊరివాళ్లందరినీ లోపలికి పిలిచి, ఓపికగా తిప్పి చూపించారు. ఆయన మంచిగా మాట్లాడే మనిషి. ఆ మాట కూడా ఈ అర్జీలో ఉండాలి.

"మేం ఏం కలుపుతలేం. ఉన్న మురికిని తీస్తున్నం, గంతే" అన్నారు. "లారీల అచ్చిన ఉప్పును నీళ్లల్ల కరిగిస్తం. సున్నం, సోడా ఏస్తం. మడ్డంత అడుగుకు పోతది. పైన తేటను మరగవెడితె ఉప్పు గడ్డకడ్తది. దాన్ని గీ డ్రమ్ముల ఏసి గిర్రున తిప్పితె తడి పోయి, ముత్యాల లెక్క అయితది."

మా పక్క చెలక గంగవ్వ పెద్దమనిషి. ఆమె అడిగింది: "మరి తీసిన మురికిని ఏడ పోస్తరు కొడుకా?"

"మంచిగ అడిగినవ్ అవ్వా. ఆఖరుకు చేదు నీళ్లు మిగుల్తయి. అవి ఎంత మరగవెట్టినా మంచి ఉప్పు కావు. వెనుక కుంట తవ్వినం. కింద మందపు ప్లాస్టిక్ షీటు పరిచి, దాంట్ల పోసి ఎండవెడ్తం. ఒక్క చుక్క గూడ భూమిలకు దిగది."

మేము మిఠాయి తిని ఇళ్లకు వచ్చాము.

2. ఆ వానాకాలం దాటాక మా ఇంట్లో పప్పు ఉడకడం మానేసింది. కందిపప్పు పాతదేమో అనుకుని వేరేది తెచ్చాను. అదీ ఉడకలేదు. తరువాత సబ్బు నురగ రాలేదు. బర్రె తొట్టిలో మూతి పెట్టి, తల విదిలించి, మా ముఖం వైపు చూసింది. అప్పుడు నేను నీళ్లు నోట్లో పోసుకున్నాను. ఉప్పగా ఉన్నాయి, వెనుక నుంచి చేదు. పసుపు ఆకులు అంచుల నుంచి మాడడం మొదలైంది. కాలువల్లో నీళ్లు ఇంకిన చోట తెల్లటి పొర కట్టింది. పసుపు తవ్వితే కొమ్ములు వేలంత కూడా ఊరలేదు. గంగవ్వ చెలకలో మా కంటే ముందే మక్కలు ఎండిపోయాయి. ఆమె ఎవరికీ అర్జీ పెట్టలేదు. బిడ్డ దగ్గరికి మెట్‌పల్లి వెళ్లిపోయింది.

3. కుంటలోని చేదు నీళ్లు బావిలోకి దిగుతున్నాయని నేను మాత్రం పెట్టాను. ఒక కార్యాలయం వారు ఇది పరిశ్రమల సంగతి అన్నారు. పరిశ్రమల వారు భూగర్భ జలాల సంగతి అన్నారు. ఆ జలాల వారు బావి సొంతదా సర్కారుదా అని అడిగి, సొంతదైతే మా సంగతి కాదన్నారు. ఎవరూ కసురుకోలేదు. ఒకచోట కూర్చోబెట్టి చాయ్ కూడా ఇచ్చారు. చాయ్ తాగి వస్తూ బస్సులో ఏడ్చాను.

చివరికి నీళ్లు పరీక్ష చేయడానికి ఒక ఉద్యోగి వచ్చారు. అప్పుడు కరెంటు లేదు, మోటరు నడవదు. చేంతాడు తెస్తానని నేను ఇంటికి ఉరికాను. వచ్చేసరికి ఆయన కార్ఖానా గేటు దగ్గరి నల్లా నుంచి సీసా నింపుకుని బండి ఎక్కి ఉన్నారు. ఆ నల్లాలో వచ్చేది వాళ్ల కూలీలు తాగడానికి మిషన్లో శుభ్రం చేసిన నీరు. "సార్, బావి గిటు ఉన్నది" అన్నాను. "భూమి కింద నీళ్లన్ని ఒక్కటే అమ్మా" అన్నారాయన. నీరు త్రాగుటకు యోగ్యముగా ఉన్నదని రిపోర్టు వచ్చింది.

మళ్లీ పరీక్ష చేయించమని అడగడానికి వెళ్తే, కౌంటరులోని గుమాస్తా గారు నా మీద జాలితోనే చెప్పారు: "ఒకసారి రిపోర్ట్ అచ్చినంక మల్ల తియ్యాలంటె, మొదటి రిపోర్ట్ తప్పని రుజువుండాలె. ఉట్టి మాటలు కావమ్మా, రుజువు తీస్కరా."

4. ఇక్కడ ఇంటి విషయం రాయక తప్పడం లేదు. మా ఆడబిడ్డ సల్మా భర్త పోయినప్పటి నుంచి మా ఊళ్లోనే ఉంటోంది. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టి, ఆ తంబాకు ధూళికి దగ్గు పట్టుకుని సగమైపోయింది. కార్ఖానాలో సంచులు నింపి కుట్టే పని దొరికాక బీడీల చాట అటక మీద పెట్టింది. ముఖంలో కళ వచ్చింది. నేను అర్జీలు పెడుతున్నానని తెలిసి, ప్యాకింగ్‌లో పనిచేసే ఆడవాళ్లతో కలిసి మా వాకిట్లోకి వచ్చింది.

"భాభీ, కార్ఖానా మూతవడితె నేను మల్ల చాట ముంగట కూసోవాల్నా?"

"మూయమని నేను అంటలేను సల్మా. కుంటల షీటు పరువుమంటున్న."

"నువ్వు షీటు అంటవ్. ఆఫీసోళ్లకు గా మాట ఇనవడది. తాళమెయ్యాలంటరు, ఏస్తరు. షీటు ఎవ్వలు పరువరు, మా నౌకర్లు పోతయ్."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ రంజాన్ పండుగకు ఆమె ఇంటి షీర్‌ఖుర్మా పక్కింటి పిల్లతో పంపింది, తను రాలేదు. నేను గిన్నె కడిగి అదే పిల్లతో తిప్పి పంపాను. ఒకే వీధిలో ఉండి మేము అట్లా చేసుకున్నాము. దీనికి తమరు బాధ్యులని అనడం లేదు. ఎవరిని అనాలో తెలియక తమరికి చెబుతున్నాను.

5. రుజువు అడిగారు గనుక తయారు చేశాను. నేరం జరిగిన తీరు ఇది.

పసుపు ఉడకబెట్టే మా పాత కడాయిని పొయ్యి మీదికి ఎక్కించాము. బావి నీళ్లు చేది పోశాము. నా భర్త లతీఫ్ మక్క చొప్ప, ఎండిన పసుపు ఆకు తెచ్చి మంట పెట్టాడు. నీళ్లు తగ్గిన కొద్దీ పోస్తూ వచ్చాము. మొదట తెల్లటి నురగ తేలింది, దాన్ని తీసి పారేశాను. తరువాత కడాయి అంచున గరుకుగా తెట్టు కట్టింది. గరిటెతో గీకి గుడ్డలో వేసి పిండాను. శ్రీశైలం గారి డ్రమ్ము మాకు లేదు కాబట్టి ఆ ఉప్పు ఎంతకూ ఆరలేదు, చెమ్మగానే ఉండిపోయింది.

లతీఫ్ చిటికెడు నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. గట్టు మీద కూలబడ్డాడు. ఆయన గల్ఫ్‌లో చాలా కాలం పనిచేసి, ఇక పోనని చెప్పి వచ్చిన మనిషి. ఈ బావిని చూసుకునే ఆ మాట చెప్పాడు.

"నేను మల్ల పోత" అన్నాడు.

"ఏడికి?"

"ఆడికే. ఆడ సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసి తాపిచ్చిన్రు. ఈడ మంచినీళ్లను సముద్రం చేసిన్రు. నాకు ఆడనే నయం."

"జర ఆగు. రుజువు దొరికింది గదా" అన్నాను. ఆయన ఇంకో కట్ట చొప్ప మంటలోకి తోశాడు.

6. ఆ ఉప్పును ప్లాస్టిక్ కవరులో కట్టి, అర్జీలు తీసుకునే సోమవారం నాడు పట్టుకుని వచ్చాను. బల్ల దగ్గర కూర్చున్న ఒక అధికారి కవరును చూసి, "ఏందిది?" అన్నారు.

"ఉప్పు సార్."

"ఎవరు చేసిన్రు?"

"నేనే చేసిన సార్."

కొంచెం గర్వంగానే చెప్పాను. బావి సంగతి మొదలుపెట్టే లోపు ఆయన ఆ ఒక్క మాట రాసుకుని, కవరు తీసి పక్కన పెట్టి, తరువాతి మనిషిని పిలిచారు. పిమ్మట నాకు తాఖీదు వచ్చింది.

7. తాఖీదులోని నేరారోపణలకు నా సంజాయిషీ:

లైసెన్సు లేకుండా ఉప్పు తయారు చేసితినని. నేను ఉప్పును బయటికి తీశాను, లోపల పోయలేదు. పోసినవారి లైసెన్సులో అట్లా పోయవచ్చని రాసి ఉన్నదేమో తమరు చూడగలరు.

అయోడిన్ కలపలేదని. నిజమే. నేను ఆ ఉప్పులో ఏమీ కలపలేదు. ఇన్నాళ్లుగా చెబుతున్నది అదే.

నిషిద్ధమైన పసుపు రంగు వాడితినని. అది పసుపు కడాయి సార్. తోమాను. కానీ తోమడానికి ఉన్నవి ఆ బావి నీళ్లే. వాటితో సబ్బు నురగ రాదు, మరక పోదు.

బహిరంగ స్థలములో విక్రయించుటకు తెచ్చితినని. దానిని మా బర్రె నాకదు.

ఇక అదే తాఖీదు కింద, సదరు ఉప్పును పరీక్షించగా మెగ్నీషియం మిక్కుటముగా ఉన్నదని, మనుషుల వాడకమునకు పనికిరాదని రాశారు. లతీఫ్ అది చదివి నవ్వాడు. మా ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది గనుక నేను పొయ్యి దగ్గరి నుంచి లేచి వచ్చాను. "నువ్వు అడిగినప్పుడు అసలు రిపోర్ట్ ఇయ్యలే. నిన్ను పట్టుకోవాలంటె ఇచ్చిన్రు" అన్నాడు.

అయ్యా, ఒకే బావి నీళ్లు త్రాగుటకు యోగ్యమని సర్కారు చెబుతున్నది. ఆ నీళ్లలోని ఉప్పు మనిషికి పనికిరాదని కూడా సర్కారే చెబుతున్నది. రెండు కాగితాలూ జతచేశాను. ఏది నిజమైతే దాన్ని ఉంచి, రెండోది కొట్టివేయగలరు. ఉప్పు మంచిదే అంటే నాకు లైసెన్సు ఇప్పించండి. చెడ్డదంటే అది ఎక్కడిదో అడగండి. ఈ రెండు తప్ప మూడో మాట ఏదైనా తమ కార్యాలయంలో ఉంటే, అది వినే ఓపిక నాకు అయిపోయింది. ఈ వాక్యం కఠినంగా ఉంటే మన్నించాలి. కొట్టివేద్దామని కలం పెట్టి ఆగిపోయాను.

8. నేను కోరేవి: తాఖీదు రద్దు చేయాలి. చేదు నీళ్ల కుంటను ఖాళీ చేయించి, మాట ఇచ్చినట్టు షీటు వేయించాలి. ఆ పని జరిగేటప్పుడు కూలీల నౌకర్లు తీయకుండా చూడాలి. బావి బాగుపడేదాకా మా ఇంటికి, బర్రెకు మంచినీళ్లు పంపించాలి. కార్ఖానా మూసివేయమని నేను ఇందులో ఎక్కడా కోరలేదు. కోరినట్టు ఎవరైనా చెబితే ఈ కాగితం చూపించగలరు.

ఇందులో రాసినదంతా నా కళ్లతో చూసి, నా నాలుకతో రుచి చూసి రాసినది. తమరు తీరిక చేసుకుని చిత్తగించవలెనని, చిత్తగించి ఇంకొక కార్యాలయానికి పంపకుండా తామే తేల్చవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
హుస్సేన్‌బీ

జత: నీళ్ల రిపోర్టు నకలు, తాఖీదు నకలు. ఉప్పు జతచేయడం లేదు.

తా.క.: సార్, సంతకం పెట్టినంక గిది రాస్తున్న. అందుకే మా మాటలనే రాస్తున్న, ఏమనుకోకున్రి. ఇప్పుడే సల్మా అచ్చింది. వాకిట్ల లొల్లి అయినంక మా గడప తొక్కుడు గిదే మొదలు. ఆమెకు తెలుగు సదువ రాదు, సదివి ఇనిపియ్యమన్నది. మొత్తం ఇనిపిచ్చిన. "మూయమని ఏడ గూడ రాయలేదా?" అన్నది. రాయలేదన్న. గప్పుడు అన్నది: "భాభీ, షీటు కొననే కొన్నరు. గోదాంల మూలకు చుట్టి పెట్టి ఉన్నది. పరుసుటానికి కుంట ఎండవెట్టాలె, పని ఆగుతదని పక్కకు పెట్టిన్రు. పగటి పూట మేమందరం దాని మీదనే కూసొని బువ్వ తింటం."

నేను ఆమెను సంతకం అడగలే. కార్ఖానోళ్లకు నకలు పంపేదుంటె గీ కింది ముక్క చింపేసి మిగిలింది పంపున్రి. ఎవలు చెప్పిన్రని మాత్రం అడగకున్రి. గోదాంకు ఎవరినన్న పంపితె బువ్వ తినే యాళ్లకు పంపున్రి సార్. ప్యాకింగ్ ఆడోళ్లు ఏం మాట్లాడరట. లేసి పక్కకు నిలవడ్తరట.