ఎర్ర దుప్పటి కనబడలేదు

ప్రియమైన శ్రీవారికి,

ప్రియమైన అన్నది అలవాటు కొద్దీ పడింది. కొట్టేద్దామనుకుని ఊరుకున్నాను. ఫోన్ చేస్తే మీ గొంతు విని మెత్తబడిపోతాను, అందుకే ఈ ఉత్తరం.

మంగళవారాలు మందుల పార్సిళ్ళతో మన ఊరికొచ్చి, సరుకు దించి వెంటనే వెళ్ళిపోయే చిన్న విమానం నాకిచ్చినప్పుడు మీరేమన్నారు? "డాబా మీద ఎర్ర దుప్పటి పరుస్తాను, పైనుంచి చూసుకో" అన్నారు. నేను రైలు పట్టాల వెంబడే వస్తాను. ఎడమ పక్క మన కాలనీ గుండ్రటి పార్కు, నీలం ట్యాంకులు కనబడగానే మూలనున్న మన ఇంటిని చూసుకుని, అక్కడే విమానాశ్రయం వైపు ఎడమకి తిప్పుతాను. ఇన్ని వారాల్లో దుప్పటి జాడ లేదు. ఒకావిడ మాత్రం ఉంటుంది. బట్టలు ఆరేస్తూ ఉంటుంది. పక్కన నిలబడి క్లిప్పులు అందించే మనిషి మీరు.

మొహాలు ఆనవు, నిజమే. కానీ మంగళవారం మీ కళ్ళద్దాల షాపుకి సెలవని నాకు తెలియదా? నాకెన్నడూ ఒక్క క్లిప్పు అందించిన పాపాన పోలేదు మీరు. పైగా ఎర్ర చొక్కా కొన్నానని ఫోన్లో చెప్పారు. నలభై దాటాక ఎర్ర చొక్కా ఎవరి కోసం? అదీ నాకు కనబడలేదు, సాయంత్రాలకి దాచుకుంటున్నారేమో. అత్తయ్యనడిగితే "ఏముందమ్మా, అంతా మామూలే" అని ఫోన్ పెట్టేశారు. అంటే ఆవిడకీ తెలుసన్నమాట.

నేను మారిపోతున్నానని నాకే తెలుస్తోంది. మలుపు తిరిగాక పక్క సీటు పైలటు ప్రతిసారీ అంటాడు, "మేడం, విమానాశ్రయం సిగ్నల్ కుడి నుంచి వస్తోంది, రేడియో ముల్లు అటే చూపిస్తోంది" అని. "మబ్బులుంటే ముల్లు పిడుగుల వైపు పరిగెడుతుంది, కళ్ళతో చూసింది నమ్ము" అని కసురుతాను. మన కాలనీకి ముందొచ్చే మిల్లు పొగగొట్టం కూడా కనబడలేదు, కూల్చేసినట్టున్నారు. నేను లేకుండా ఊరూ మారింది, మీరూ మారారు. మీరు ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. ఆవిడ ఉండటం కన్నా అదే ఎక్కువ నొప్పిగా ఉంది.

కొండల అవతలి రూటుకి మార్చమని అర్జీ పెట్టాను. ఆ దారిలో మన ఊరు రాదు. మంజూరైతే సెలవులకి కూడా ఇంటికి రాను.

ఇట్లు,
కళ్ళారా చూసిన మీ భార్య


గాలి దొరసానికి,

ప్రతి మంగళవారం నేనూ అమ్మా డాబా ఎక్కి, దుప్పటి పరిచి, ఎగిరిపోకుండా మూలలకి ఇటుకలు పెడుతున్నాం. నీకు ఆనాలనే ఆ ఎర్ర చొక్కా. విమానం చప్పుడు దగ్గరికొస్తుంది, మిల్లుకి అవతలే తిరిగిపోతుంది. "దానికి కళ్ళు నెత్తికెక్కాయిరా, మనం కనబడం" అంటుంది అమ్మ. నీకు చెప్పొద్దని నేనే ఆపాను. కానీ నాకూ అనుమానం పట్టుకుంది. ఇంటిని తప్పించుకుపోతున్నావేమోనని, పక్క సీటువాడి కబుర్లలో పడ్డావేమోనని. నిద్ర పట్టేది కాదు.

నీ ఉత్తరం చదివి స్కూటరేసుకుని అవతలికి పోయి చూశాను. మన కాలనీ కట్టిన కాంట్రాక్టరే నువ్వెళ్ళాక మిల్లుకి ఆ పక్క ఇంకోటి లేపాడు. అదే ప్లాను, అదే పార్కు, అవే ట్యాంకులు. మూల ఇంటి డాబా మీద ఒకావిడ బట్టలు ఆరేస్తోంది, వాళ్ళాయన క్లిప్పులు అందిస్తున్నాడు. చూడముచ్చటగా ఉన్నారు. మిల్లు గొట్టాన్ని ఎవరూ కూల్చలేదు. నువ్వే అది రాకముందు తిరిగిపోతున్నావు. ముల్లు పాపం నిజమే చెబుతోంది.

నా షాపులో అన్ని రకాల అద్దాలూ ఉన్నాయి గానీ పచ్చకామెర్లకి లేవు. ఉంటే మనిద్దరికీ చెరో జత తీసేవాణ్ణి.

నీ
నేల మనిషి


ప్రియమైన శ్రీవారికి,

ఈసారి ఆ మాట తెలిసే రాశాను.

ఒక గుర్తు కనబడితే రెండోదాన్ని అడగమని విమానం నేర్పిన మా మాస్టారు చెవినిల్లు కట్టుకుని చెప్పేవారు. నేను రెండోది కనబడకపోతే దాన్నే కూల్చేశాను. నిన్న నీలం ట్యాంకులు రాగానే అలవాటుగా చెయ్యి తిరగబోయింది. ఆగాను. మిల్లు గొట్టం వచ్చింది. తర్వాత మన పార్కు, ఎర్ర దుప్పటి, దాని పక్కన ఎర్ర చొక్కా. మీరు రెండు చేతులూ ఊపారు. అత్తయ్య మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. ఆవిడకి ఆ హక్కుంది.

మలుపు తిరిగాక ముల్లు సూటిగా నిలబడింది. "ఈరోజు మబ్బుల్లేవా మేడం" అన్నాడు పక్క సీటు పైలటు. కళ్ళు నిండిపోయి ముందేమీ కనబడక, కాసేపు తననే నడపమన్నాను.

అర్జీ వెనక్కి తీసుకున్నాను. సెలవు దొరికింది, శనివారం బస్సులో వస్తున్నాను. మీరు స్టాండుకి రండి. ఆ ఎర్ర చొక్కాయే వేసుకుని రండి, ఇంకెవరినో చూసి మీరే అనుకునే రకాన్ని నేను.

మీ
గాలి దొరసాని