మూడు పుల్లలున్న ముక్క నీది

ఏమోయ్,

నీ పౌడరు డబ్బా పోలేదు, బియ్యం డబ్బా వెనక ఉంది. పౌండు కేకు చేస్తానంటే అమ్మకు పౌడరు కేకని వినబడింది. "ఒంటికి పూసుకునేది పిల్లకు తినిపిస్తావట్రా!" అంటూ తీసుకెళ్లి దాచేసింది.

కేకు బల్ల మీద ఉంది. కేకలు వేయకుండా చదువు. గుడ్లెంత బరువుంటే వెన్న, పంచదార, మైదా కూడా అంతే తూచాను. గుడ్డి లెక్క కాదు, గుడ్డు లెక్క! కలిపిన పిండిని మూడు వాటాలు చేసి ఒకే గిన్నెలో పక్కపక్కనే పోశాను. ఒక కొసన నిమ్మతొక్క వేసింది అమ్మకి, రెండో కొసన కోకో కలిపింది అమ్మాయికి. మధ్యలో ఏమీ కలపనిది నీకు. పైన పంచదార పొడి చల్లేసరికి అంతా ఒకటే తెలుపైంది. అందుకే పుల్లలు గుచ్చాను: అమ్మకి ఒకటి, అమ్మాయికి రెండు, నీకు మూడు.

ఇరవై ఏళ్లుగా అందరికీ కోసిపెట్టి, అడుగంటింది నువ్వు తింటున్నావు. "నాకదే ఇష్టం" అంటే నమ్మేశాను, మొద్దుని. మొన్న చెల్లెలితో ఫోన్లో "నా ఇష్టం ఎవరడిగారే" అన్నావు చూడు, అది విన్నాను. ఇవాళ మొదటి ముక్క నీదే.

తా.క. పైనున్నది పంచదార పొడేనని అమ్మకీ అమ్మాయికీ నాలిక మీద వేసి మరీ చెప్పాను. గిన్నె అడుగున అంటుకున్నదంతా నేనే గీకి తినేశాను. మంచి ముక్క తినడం తప్ప నీకు వేరే దారి లేదు.