బ్యాంకులో నోరు మెదపలేదు

2008 ఆగస్టు, మంగళవారం

బొగ్గు కరెంటు ప్లాంటుకు అప్పులిస్తున్న బ్యాంకులో మన డబ్బు ఉంచొద్దని గోపాలపట్నంలో ఇల్లిల్లూ తిరిగి చెప్పింది నేనే. ఈ రోజు ఖాతాలు మూసేయడానికి పదిమంది ఆడవాళ్లం వెళ్లాం. మేనేజరు మండిపడ్డాడు.

"మీకిదంతా ఎవరు నూరిపోశారు?"

మా ఆయన ఆ బ్యాంకులోనే, ఇంకో బ్రాంచిలో గుమస్తా. ఆయన ఉద్యోగం గుర్తొచ్చి తల దించుకున్నాను.

"నానే సెప్పినాను బాబూ," అంది పక్కింటి వరలక్ష్మి. "ఆ బూడిదంతా మా పుట్టింటోళ్ల పొలంలో పడతాది. నా డబ్బుతోటే ఆ పని సేత్తారేటి?"

అతను అందరి ముందూ ఆమెను నానా మాటలూ అన్నాడు. అప్పుడూ నేను పలకలేదు. నా ఖాతా కూడా మూయకుండానే వచ్చేశాను.

బయటికొచ్చాక వరలక్ష్మి నా చెయ్యి పట్టుకుంది. "రేపు మిగతావోళ్లని నాను తీసుకొత్తాను. నువ్వు రావొద్దులే వదినా, అన్నయ్యకి ఇబ్బందవుతాది."

ఆ మాట కోపంగా అన్నా బాగుండేది.