మధ్యలో నన్ను వెతకకు

కోబె,
అక్టోబరు 19.

అమ్మకు,

నమస్కారం. నేనిక్కడ కులాసా. మోకాళ్ళ మీద నీలిమచ్చలు తప్ప ఒంట్లో ఏ లోటూ లేదు. ఆ మచ్చలు కూడా కష్టపడి సంపాదించుకున్నవే కాబట్టి వాటి గురించి బెంగ పెట్టుకోకు. నువ్వు బాగున్నావనీ, నాన్న నడుంనొప్పి తగ్గి మళ్ళీ స్కూటరు ఎక్కుతున్నారనీ నీ ఉత్తరంలో చూసి స్థిమితపడ్డాను.

ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని నాన్న నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. ఫోనులో అయితే నేను సగం చెప్పేసరికి నువ్వు విజిలు ఊదేస్తావు. కాగితం మీద అయితే ఎంతటి పీఈటీ టీచరైనా చివరిదాకా చదవాల్సిందే. ఇందులో చివరిదాకా చదవాల్సిన సంగతి ఒకటుంది. ముందు నీ ప్రశ్నలకు జవాబులు చెప్పనీ.

తింటున్నాను. పొద్దున క్లాసుకు పరిగెడుతూ దుకాణంలో అన్నంముద్ద కొనుక్కుంటాను, మధ్యలో ఉప్పులో ఊరిన పుల్లటి పండు ఉంటుంది. నువ్వు పంపిన ఉసిరికాయ పచ్చడి అయిపోయాక ఈ పండుతోనే కాలక్షేపం చేస్తున్నాను. చదువు కూడా సాగుతోంది, ఓడరేవుల పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. "డాన్సు క్లబ్బులో మగపిల్లలు కూడా ఉంటారా?" అని అడిగావు కదా, సగం మంది వాళ్ళే. ఒక్కడూ నా వంక చూడడు. అందరూ గాజుగోడలో ఎవరి బొమ్మ వాళ్ళే చూసుకుంటూ ఉంటారు. మాకు అద్దాల హాలు లేదు. విద్యార్థుల భవనం బయట పెద్ద గాజుగోడ ఉంది, పొద్దుగూకితే అందులో మనం కనిపిస్తాం. అందుకని చీకటి పడుతుంటే మిగతావాళ్ళు ఇళ్ళకు పోతారు, మేము పోగవుతాం.

మా నృత్యానికి నాయకురాలు కుజే చినాత్సు గారని ముందే రాశాను. మూడో సంవత్సరం. సన్నగా వెదురుపుల్లలా ఉంటుంది గానీ గొంతెత్తితే ఎదురుగా ఉన్న సైకిలు స్టాండులో పిల్లులు లేచిపోతాయి. నవంబరులో జరిగే యూనివర్సిటీ పండగతో మూడో సంవత్సరం వాళ్ళు క్లబ్బు వదిలేస్తారు, ఆ తర్వాత ఉద్యోగాల వేట. అంటే ఈ నృత్యమే ఆమెకు ఆఖరిది. పాట ఆమె ఎంచుకుంది, అడుగులు ఆమె కట్టింది, ఎవరు ఎక్కడ నిలబడాలో కూడా ఆమే తేల్చింది.

నన్ను మధ్యలో నిలబెట్టింది. ఆ సంగతి నేను ఆగస్టులో రాస్తే నువ్వు స్టాఫ్‌రూములో చదివి వినిపించావట. నెట్‌లో వచ్చే పండగ ప్రసారాన్ని స్కూలు టీవీలో పెట్టిస్తానని హెడ్మాస్టరు గారు అన్నారట, నీ ఖోఖో పిల్లలందర్నీ ముందు బెంచీల్లో కూర్చోబెడతావట. అది చదివి నాకు ఎంత సంతోషం వేసిందో అంత భయమూ వేసింది. ఎందుకో చెబుతాను.

రోజూ ప్రాక్టీసు అయ్యాక అందరం నేల మీద గుండ్రంగా కూర్చుంటాం. కుజే గారు ఒక్కొక్కరి పేరు పిలిచి వాళ్ళ తప్పులు చెబుతుంది. పేరొచ్చినవాళ్ళు గట్టిగా "సరేనండీ!" అనాలి, అన్నీ విన్నాక "చెప్పినందుకు థాంక్సండీ" అని తల వంచాలి. ఈ పద్ధతి నీకు తెగ నచ్చుతుంది.

"హొనామీ! ఎడమ చెయ్యి లేటు. నిద్రపోతోందా అది? లేపి తీసుకురా రేపు!"

"సరేనండీ!"

హొనామి నా స్నేహితురాలు. పక్కనే ఉన్న ఆకాషి ఊరినుంచి రైల్లో వస్తుంది, ఎప్పుడూ సంచిలో తినేది ఏదో ఒకటి ఉంటుంది. ఆ చెయ్యి కోసం ఆమె చేత మళ్ళీ మళ్ళీ చేయించారు. కళ్ళు తుడుచుకుంటూనే చేసింది. తర్వాత నా పేరు వచ్చింది.

"కృత్తిక గారూ, మీరు చాలా బాగా చేశారండీ."

అందరూ చప్పట్లు కొట్టారు. వేసవంతా ఇంతే. గాల్లో తేలిపోయాననుకో. ఇక్కడికి వచ్చేదాకా అడుగు కలిపి ఎరగని నేను, పుట్టుకతోనే వచ్చేసినట్టు విర్రవీగాను.

సెప్టెంబరులో ఎవరో మా ప్రాక్టీసు వీడియో తీసి అందరికీ పంపారు. గదిలో కూర్చుని చూశాను. అమ్మా, నా ఎడమ చెయ్యి హొనామి చేతికంటే ఆలస్యంగా లేస్తోంది. అందరూ ఆగిపోయిన చోట నేను ఇంకా ఊగుతున్నాను. మధ్యలో ఉన్నాను కాబట్టి ఆ తప్పు దాచుకోవడానికి చోటు కూడా లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు హొనామిని పట్టుకున్నాను.

"నా చెయ్యి లేటు కదూ?"

"ఊఁ... ఎలా చెప్పాలి... కొంచెం."

"కొంచెమేనా?"

"చాలా."

"మరి నిన్ను తిట్టినట్టు నన్నెందుకు తిట్టరే?"

"నువ్వు మార్చిలో మీ దేశం వెళ్ళిపోతావుగా. ఉన్నన్నాళ్ళూ సరదాగా గడిపి వెళ్ళాలని అందరం అనుకున్నాం. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని ఏడిపించి పంపుతామా?"

"అంటే నేను చుట్టపుచూపుగా వచ్చినదాన్నా?"

"అలా అనకూ..." అంటూ చేతిలోని వేడి బన్ను విరిచి పెద్ద ముక్క నాకే ఇచ్చింది. "కానీ... అంతే అనుకో."

కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోను? అందరూ నా మంచికే చేశారు. పిల్లలందరూ కలిసి ఇంటికొచ్చిన అతిథికి ఆటలో గెలుపు వదిలేసినట్టు నాకు మధ్యస్థానం వదిలేశారు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. తిట్లు తినే హక్కు నాకూ కావాలని ఆ రోజే గట్టిగా అనుకున్నాను.

అనుకున్నదాన్ని చక్కగా చేశానా? లేదు. ఆ సాయంత్రం గుండ్రంగా కూర్చున్నప్పుడు కుజే గారు ఎప్పటిలాగే "మీరు చాలా బాగా" అనగానే నేను లేచి నిలబడ్డాను. "బాగా చెయ్యలేదండీ. నా తప్పులు కూడా చెప్పండి," అన్నాను. కుజే గారి మొహం ఎర్రబడింది. "ఇవాళ్టికి చాలు," అని లేచి వెళ్ళిపోయింది.

హొనామి నన్ను పక్కకు లాగింది. "నీకేమైనా పిచ్చా? జూనియర్లందరి ముందు పెద్దవాళ్ళ మాట తప్పంటావా? అడగాలనుంటే విడిగా వెళ్ళి అడగవే! పోయి క్షమాపణ చెప్పు. పరిగెత్తు!"

పరిగెత్తాను. కుజే గారు సైకిలు తాళం తీస్తోంది. నడుము వంచి క్షమించమన్నాను. ఆమె తాళంచెవి జేబులో వేసుకుని నా వైపు తిరిగింది.

"చెబితే తట్టుకోగలరా మీరు?"

"మా అమ్మ స్కూల్లో ఆటల టీచరండీ."

అంతే, ఫక్కున నవ్వేసింది. ఆ నవ్వు ఆగాక మొదలుపెట్టింది చూడు, స్టాండులో దీపాలు ఆర్పేదాకా ఆపలేదు. చెయ్యి లేటు, మెడ బిగుసుకుపోతుంది, కాళ్ళ వంక చూసుకుంటాను, పాట వినను, పక్కవాళ్ళను చూసి చేస్తాను. ఆఖరికి ఇలా అంది: "నీ నవ్వు ఒక్కటే టైముకి వస్తోంది. మిగతా ఒళ్ళంతా దాని వెనకాల నడుచుకుంటూ వస్తోంది."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరం చూసుకోలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ లోపల మాత్రం పండగలా ఉంది. "చెప్పినందుకు థాంక్సండీ," అని గట్టిగా అరిచాను. ఆ తర్వాతే అసలు మాట అడిగాను. ఇదిగో అమ్మా, నీకు ఇన్నాళ్ళూ చెప్పనిది ఇదే.

"నన్ను మధ్యలోంచి తీసెయ్యండి," అన్నాను.

ఆమె మొహం మారింది. "పోస్టరులో నీ ఫొటో వేశాం. ఇంట్లోవాళ్ళకి చెప్పుకున్నానని నువ్వే అన్నావు."

"చెప్పానండీ. అయినా ఇది మీ ఆఖరి స్టేజీ. నా చెయ్యి దాన్ని పాడు చెయ్యకూడదు. వెనక నిలబెట్టి అందరిలాగే తిట్టండి. నేర్చుకుంటాను."

"ఎవరు ఎక్కడో నేను చెప్పాలి, నువ్వు కాదు," అని సైకిలెక్కి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చోటూ, తిట్లూ రెండూ పోగొట్టుకున్నానేమో అనిపించింది. నీ మొహమే కళ్ళ ముందు మెదిలింది.

మర్నాడు స్థానాలు మారాయి. హొనామి మధ్యకు వచ్చింది. పేరు వినగానే బిక్కమొహం వేసి నా వంక చూసింది, ఆ వెంటనే "సరేనండీ!" అని అందరికంటే గట్టిగా అరిచింది. ఎందుకు మార్చారని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఇక్కడ అంతే.

కాబట్టి అమ్మా, పండగ రోజు టీవీలో మధ్యలో నన్ను వెతకకు. మీకు కుడివైపు, వెనక వరుసలో, చిట్టచివర చూడు. నా ముందు తాటిచెట్టంత అబ్బాయి ఒకడుంటాడు, అతని మోచేతి పక్కన సగం మొహం కనిపిస్తే అది నాదే. హెడ్మాస్టరు గారి దగ్గరా, స్టాఫ్‌రూములోనూ నీకు తలకొట్టేసినట్టు అవుతుందని తెలుసు. నన్ను తిట్టుకో. కానీ నేను మాత్రం మళ్ళీ మధ్యలోకి వెళ్ళను, ఎవరైనా బతిమాలినా సరే. ఆ చోటు నా చెయ్యి సంపాదించుకున్నది కాదు. మార్చిలోపల సంపాదించుకుంటే అప్పుడు చూద్దాం.

ఎనిమిదో తరగతిలో ఖోఖో జట్టులో అందరికంటే ఎక్కువ నన్నే తిట్టేదానివి గుర్తుందా? ఖో అంటే లేవలేదని ఎండలో నిలబెట్టావు కూడా. కూతుర్నని చులకన అనుకుని రెండ్రోజులు నీతో మాట్లాడలేదు. ఇక్కడ వేసవంతా చప్పట్లు తిన్నాక గానీ నీ తిట్లు ఏమిటో నాకు అర్థం కాలేదు. నువ్వంటే ఇప్పుడు ఇంకా ఇష్టంగా ఉంది. ఎదురుగా ఉంటే ఈ మాట చెప్పేదాన్ని కాదులే.

నిన్నటి సంగతి చెప్పి ముగిస్తాను. పాట సగంలో ఉండగా కుజే గారు చెయ్యెత్తి ఆపింది. అందరం బిగుసుకుపోయాం.

"కృత్తికా! చెయ్యి!"

గారూ లేదు, మీరూ లేదు. "సరేనండీ!" అని అరిచాను, సంతోషం పట్టలేక మొహమంతా నవ్వుతో.

"నవ్వకు! చెయ్యి!"

మళ్ళీ మొదటినుంచి చేశాం.

టీవీ ముందు నీ విజిలు దగ్గర పెట్టుకో. చెయ్యి లేటయితే ఊదు, ఇక్కడికి వినబడుతుంది.

ఇట్లు,
వెనక వరుస చివరనున్న నీ కూతురు,
కృత్తిక