ఇప్ప చెట్టు కింద మంట

మార్చి 20
ఎండ ముదిరింది. పడమటి గాలి. అత్తా నేనూ ఇప్పపువ్వు ఏరినం, గంపెడు. ఈసారి ముందే రాలుతున్నది. పట్నం వాళ్ల మొక్కలు మా ఇప్ప చెట్టు పక్కదాకా వచ్చినయి. కొత్త బోర్డు పెట్టిండ్రు — నెట్ జీరో, అందరికీ సమన్యాయం. ఆ మొక్కలకు మా ఆయనే కాపలా. చదివి వినిపించిండు.
"ఏందిరా అది?" అన్నది అత్త.
"పట్నంల ఎంత పొగ లేస్తే అంత గుంజుకునేటట్టు ఈడ చెట్లు పెంచుతరంట అవ్వా."
"పొగ ఆళ్లది, కావలి మనదా?"
నవ్వినం.

మార్చి 22
కింద ఆకు మందంగా పడ్డది. ఆకుల్లో పువ్వు కనబడదు. కాల్చాలె అంటది అత్త. ఏటా కాల్చేదే.
ఆయన వద్దన్నడు. "ఈ ఏడు ఊడ్చుకో అవ్వా. పక్కనే మొక్కలున్నయ్."


మార్చి 23
అంటుకున్నది. అత్త ఎప్పటిలాగే చెట్టు చుట్టూ ఊడ్చి, మంట దాటకుండ గీత తీసి, అప్పుడే నిప్పు పెట్టింది. గాలి తిరిగింది. గీత దాటి మొక్కల్లో పడ్డది. పచ్చి కొమ్మలతో కొట్టినం. నా చేతులు బొబ్బలు. చెట్టు వైపు వరసలు నల్లగా...
అత్త చెట్టు కిందనే కూలబడ్డది. చీపురు చేతిలోనే ఉన్నది.

మార్చి 24
మొక్కలు కాలినయని ఎవరొస్తరోనని పొద్దున్నుంచి జీపు చప్పుడే చెవుల్లో. రెండు సార్లు బయటికి ఉరికిన. ట్రాక్టర్లు.
మధ్యాహ్నం నిజంగానే వచ్చింది. ఖమ్మం నుంచి మొక్కల సారు. "పట్నంల మీటింగ్ ఉన్నది. ఫోటోలు అడుగుతున్నరు. ఏం పంపాలె నేను?"
ఎవరు అంటించిండ్రన్నడు.
ఆయన నేల చూస్తూ, "నేనే సార్. బీడీ."
ఆయన బీడీ తాగడు. నేను దర్వాజ పట్టుకొని నిలబడ్డ. 
రేపు పొద్దున ఆఫీసుకు రమ్మన్నడు సారు. కేసు తప్పదట. పోడు భూమి పట్టా కూడా... అని సగంలో ఆపి జీపెక్కిండు.

అదే రోజు, పొద్దు గూకింది
అత్త తినలేదు. ఒక్క మాటే అడిగింది — "బీడీ ఎప్పుడు నేర్సినవ్ రా?"
ఆయన నా దిక్కు తిరిగిండు. చొక్కా ఉతుకు అన్నడు నాతో. ఉతికిన.
లోపలేస్తే ఎన్నాళ్లు ఉంచుతరో. ఎవర్ని అడగాలె?  గోడకు ఆనుకొని రాస్తున్న.

మార్చి 25
గాలి లేదు. పువ్వు రాలి ఉన్నది. ఏరలేదు.
అత్త మంచం ఖాళీ. మూలకు చీపురు కూడా లేదు.
పక్కింటి నాగమ్మ చూసిందట. "యాడికి అత్తా అంటే, మంట పెట్టినదాన్ని నేను, ఆఫీసుల చెప్పొస్త అన్నది. చంకల చీపురున్నది."
ఆయనకు చెప్పిన. తడి చొక్కానే తొడుక్కున్నడు.
అత్త తెల్లారకముందు పోయింది. ఆయన పొద్దెక్కినంక పోయిండు. ఇప్పుడు మాపయింది. ఇద్దరూ రాలేదు.