అన్ని సెలవులూ ఒకే ఖాతాలో

మంగళవారం, బంద్ మర్నాడు

జబ్బు సెలవు, సొంత పనుల సెలవు వేరుగా ఉంటే మనిషి అబద్ధమాడాల్సి వస్తుందని, ఆఫీసు సెలవుల నిబంధనల్లో అన్నిటినీ ఒకే ఖాతాగా కలిపి రాసింది నేనే. ధర్నాకు పోయేవాడు ఇక జ్వరమని చెప్పనక్కర్లేదని మురిసిపోయాను. మేనేజరు మారుమాట లేకుండా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

నిన్న మేం చేసిన బంద్‌కు రైళ్లు ఆగి, లింగంపల్లి నుంచి రాలేకపోయిన మా ఆఫీసు మేరీ అక్కకు ఆ ఖాతాలోంచే ఒక రోజు కోశారు. వాళ్లమ్మ ఆపరేషన్ కోసం దాచుకుంటున్న రోజులవి.

“బంద్ మీది, సెలవు నాదా తమ్ముడూ?” అంది నవ్వుతూనే.

“జర ఆగక్కా, నేను మాట్లాడుత” అన్నాను.

మేనేజరుతో కొట్లాడటానికి భయం లేదు. కానీ దారి లేక రాలేని రోజుకు వేరే సెలవు మిగల్చని తప్పు నేను రాసిన దాంట్లోనే ఉందని ముందు ఒప్పుకోవాలి కదా, దానికే భయం…